ఇంటినిండా నీరుల్లి ఉన్నప్పుడు: కుళ్లనీయకుండా వాడుకొనే విధానాలు

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని పెద్దలంటారు. అయితే వంటింటి మూలలో మూటకట్టి ఉంచిన ఉల్లి కుళ్లినప్పుడు ఇల్లంతా ఎటువంటి దుర్గంధం వ్యాపిస్తుందో ఆ సామెత చెప్పదు. ఆ సంగతి నేను అనుభవపూర్వకంగా తెలుసుకొన్నాను.

కర్నూలు సమీపంలో వ్యవసాయం చేసే మా చిన్నాన్నగారు ఒక ఏడాది పంటకు గిట్టుబాటు ధర లభించక, అమ్మగా మిగిలిన సరుకులో ఒక యాభై కిలోల మూట మా ఇంటికి పంపించారు. ఇంట్లో నలుగురమే ఉంటాము. వారానికి రెండు కిలోలకు మించి ఖర్చు కాదు. మూటను విప్పకుండానే ఆలుగడ్డల బుట్ట ప్రక్కన నిలబెట్టి, పైనుండి కావలసినన్ని తీసి వాడుకొన్నాము. ఇరవై రోజులకు మూట అడుగుభాగం నల్లబడి నీరు కారింది. విప్పి చూస్తే దాదాపు సగం పారవేయవలసినవే. తరువాత చిన్నాన్నగారు మా ఇంటికి వచ్చినప్పుడు "గడ్డలు బాగున్నాయామ్మా?" అని అడిగారు. ఎండలో నిలిచి పండించిన మనిషికి ఏమని సమాధానం చెప్పను?

మరుసటి సంవత్సరం తిరిగి మూట వచ్చింది. ఈసారి ఒక్క కిలోకు మించి పారవేయలేదు. ఆ యాభై కిలోలను ఏ విధంగా వినియోగించానో ఈ వ్యాసంలో వివరిస్తాను. చౌకగా దొరికినప్పుడు ఎక్కువగా కొనేవారికీ, సొంత ఊరినుండి మూటలు వచ్చేవారికీ ఇది ఉపకరించగలదని నా ఆశ.

పేర్లు, శాస్త్రోక్త గుణాలు

దీనిని కోస్తా జిల్లాలలో ఉల్లిపాయ, నీరుల్లి అనీ, తెలంగాణలో ఉల్లిగడ్డ అనీ, రాయలసీమలో ఎర్రగడ్డ అనీ వ్యవహరిస్తారు. సంస్కృతంలో దీని పేరు పలాండువు.

చరక సంహిత సూత్రస్థానంలో పలాండువు ఆహారంలో ఉపయోగపడేదని, వాతాన్ని హరించేదని, కఫాన్ని పెంచేదని, పిత్తాన్ని మాత్రం శమింపజేయదని చెప్పబడింది. అది గురువు, అనగా ఆలస్యంగా జీర్ణమయ్యేది, బలకరము, రుచిని పుట్టించేది. పదునారవ శతాబ్దానికి చెందిన భావప్రకాశం నీరుల్లిని వెల్లుల్లితో పోల్చి, ఇది మధుర రసము గలదని, వెల్లుల్లివలె ఉష్ణము కాదని పేర్కొన్నది. "ఉల్లి వేడి చేస్తుంది" అనే వాడుక మాట మన ఇళ్లలో ఉన్నది కదా! శాస్త్రకారులు మాత్రం ఆ దోషాన్ని వెల్లుల్లికే ఎక్కువగా ఆపాదించారు.

ధర్మశాస్త్రాలు కొందరికి దీనిని నిషేధించాయి. ఆయుర్వేదం ఆహారంగానూ ఔషధంగానూ స్వీకరించింది. నియమం పాటించే కుటుంబాలవారు తమ ఆచారాన్ని అనుసరించవచ్చును. ఉల్లి తినకపోవడంవల్ల శరీరానికి కలిగే లోటేమీ లేదు.

ఆధునిక ఆహారశాస్త్రం ప్రకారం నీరుల్లిలో నూటికి ఎనభై అయిదు పాళ్లకు పైగా నీరే. నూరు గ్రాములకు సుమారు 40 నుండి 50 కేలరీల శక్తి మాత్రమే లభిస్తుంది. గడ్డలో కెరోటిన్ దాదాపు లేదు; పచ్చని కాడలలో అది సమృద్ధిగా ఉన్నది. క్వెర్సెటిన్ అనే పదార్థం ఎర్ర ఉల్లి వెలుపలి పొరలలో అధికం. కనుక పై పొట్టు తీసేటప్పుడు రెండు మూడు కండగల పొరలను కూడా ఒలిచి పారవేయడం తగదు.

ఉల్లి ఎందుకు కుళ్లుతుంది? ఎందుకు మొలకెత్తుతుంది?

గడ్డను పెరికిన తరువాత కాడ మొదలు బాగా ఎండి, మూసుకొనిపోవాలి. అది పచ్చిగా ఉన్నట్లయితే ఆ ద్వారంగుండా శిలీంధ్రాలు లోపలికి ప్రవేశిస్తాయి. వానాకాలపు పంటలో ఈ ఇబ్బంది ఎక్కువ. కర్నూలు ప్రాంతపు ఉల్లి చాలావరకు వానాకాలపు పంటే. నీరెక్కువ, పొర పలుచన. అందుచేత నెలా నెలన్నరకు మించి నిలువదు. మహారాష్ట్రలో వేసవి మొదట తీసే యాసంగి ఉల్లి గట్టిగా ఎండి ఉంటుంది గనుక నాలుగైదు నెలలు నిలుస్తుంది. ఎక్కువగా కొనదలచినవారు ముందుగా ఇది ఏ కాలపు పంటో అడిగి తెలుసుకోవాలి. కాడ మొదలును బొటనవ్రేలితో నొక్కినప్పుడు మెత్తగా తగిలితే అది నిల్వకు పనికిరాదు.

ఇక మొలక విషయం. ఉల్లి పది నుండి ఇరవై డిగ్రీల మధ్య వాతావరణంలో త్వరగా మొలకెత్తుతుంది. ఇరవై అయిదు, ముప్పై డిగ్రీల పొడి వేడిలో గాని, గడ్డకట్టే చలికి సమీపంలో గాని మొలక ఆగుతుంది. ఫ్రిజ్‌లో కూరల అర చల్లగా, తేమగా ఉండి ఈ రెండింటికీ మధ్య నిలుస్తుంది. అందుచేత పొట్టు తీయని గడ్డలను అక్కడ ఉంచడం లాభకరం కాదు. గాలి ఆడే గది, నీడ, పొడి: ఈ మూడూ ఉంటే చాలును.

ఆలుగడ్డలతో కలిపి ఉంచడం నేను చేసిన పెద్ద పొరపాటు. వాటినుండి వెలువడే తేమ ఉల్లిని పాడుచేస్తుంది. రెండింటినీ వేరు వేరు మూలలలో ఉంచాలి.

మొదటి రోజు చేయవలసిన పని

మూట రాగానే విప్పి, నేలపై గోనెసంచి పరచి, గడ్డలన్నిటినీ ఒకే వరుసగా ఆరబెట్టాలి. తరువాత నాలుగు భాగాలుగా ఏరాలి. గట్టిగా, కాడ ఎండినవి మొదటి భాగం. కాడ మెత్తగా ఉన్నవి, పొర ఊడినవి రెండవ భాగం. మొలక కనిపించినవి మూడవది. నీరు కారేవి, దుర్వాసన గలవి నాలుగవది. వీటిని వెంటనే తొలగించాలి. ఒక కుళ్లిన గడ్డ చుట్టూ ఉన్న పదింటిని చెరుపుతుంది.

పై పొరపై నల్లని పొడి వంటి బూజు కొన్నిటికి ఉంటుంది. అది వెలుపలి పొరకే పరిమితమైతే, ఆ పొరనూ దాని క్రింది పొరనూ తీసి, నీటితో కడిగి వాడుకోవచ్చును. లోపలి పొరలకు దిగితే పారవేయాలి. ఉబ్బసం గలవారు ఈ పొడిని దులుపకుండా ఉండుట మేలు.

నా యాభై కిలోల లెక్క ఇది: నిల్వకు 22 కిలోలు, ఇరుగుపొరుగులకు 8, ఒరుగులకు 10, వేయించి దాచుటకు 3, వడియాలకు 2, ఉల్లికారానికి 2, కుండీలలో నాటినవి 2, పారవేసినది 1. ఇరుగుపొరుగులకు ఇచ్చినది కూడా సద్వినియోగమే. కుళ్లిన తరువాత పారవేయడంకంటె బాగున్నప్పుడే పంచుకొనడం పుణ్యం.

నిల్వకు ఉంచినవాటిని వెదురుబుట్టలో గాని, వల సంచులలో గాని అయిదారు కిలోల చొప్పున వేసి, నేలకు తగలకుండా వ్రేలాడదీయాలి. ప్లాస్టిక్ సంచులు పనికిరావు. వారానికొకసారి చేతితో తడిమి, మెత్తబడినవాటిని ముందుగా వంటకు వాడాలి. ఈ చిన్న అలవాటే నా సరుకును కాపాడింది.

నిల్వ ఉండే పదార్థాలు

1. ఒరుగులు: కాడ మెత్తగా ఉన్న గడ్డలను ముందుగా దీనికి వాడాలి. పొట్టు తీసి, అణా కాసు మందంలో చక్రాలుగా కోసి, విడదీసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో పది నిమిషాలు ఉంచి వడకట్టాలి. పళ్లెములలో పలుచగా పరచి, పైన పలుచని గుడ్డ కప్పి, మంచి ఎండలో మూడు నాలుగు రోజులు ఎండబెట్టాలి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తీసుకోవాలి. వంచినప్పుడు పుటుక్కున విరిగితే ఎండినట్లు. నీరే అధికం గనుక పది కిలోలకు కిలో పైచిలుకు మాత్రమే మిగులుతుంది. గాజుసీసాలో బిగుతుగా మూత పెడితే ఆరు నెలలు నిలుస్తుంది. పులుసులో, పప్పులో నేరుగా వేయవచ్చును. పొడిచేసి సాంబారు పొడిలో కలుపవచ్చును. మబ్బు పట్టిన రోజున మాత్రం ఈ పని మొదలుపెట్టరాదు.

2. వడియాలు: అరకిలో మినపప్పును నాలుగు గంటలు నానబెట్టి, నీరు తగిలించక గట్టిగా రుబ్బాలి. రెండు కిలోల ఉల్లిని సన్నగా తరిగి, ఉప్పు పట్టించి, అరగంట తరువాత గుడ్డలో వేసి పిండాలి. పిండగా వచ్చిన రసాన్ని పారవేయక ఆనాటి పులుసులో పోయండి. పిండిన ఉల్లిలో రుబ్బిన పప్పు, పచ్చిమిరప ముద్ద, జీలకర్ర, చిటికెడు ఇంగువ కలిపి తడిగుడ్డపై చిన్న చిన్న వడియాలు పెట్టాలి. రెండవరోజు తిరగవేసి, గలగలలాడేవరకు ఎండనివ్వాలి. రసంలో వేసిన ఉప్పు ఇందులోనూ ఉంటుంది గనుక పిండిలో విడిగా ఉప్పు వేసేటప్పుడు రుచి చూడాలి.

3. వేయించిన ఉల్లి: నిలువుగా సన్నగా తరిగి, గుడ్డపై గంటసేపు ఆరబెట్టి, నూనెలో మధ్యస్థమైన మంటపై బంగారు వర్ణం వచ్చేవరకు వేయించాలి. రంగు మారడం ప్రారంభించగానే తీసివేయాలి. తీసిన తరువాత కూడా కొంత ముదురుతుంది. కిలోకు పావుకిలో లోపు మిగులుతుంది. చల్లారిన తరువాత సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే మూడు వారాలు వాడుకోవచ్చును. అతిథులు వచ్చిన రోజున కూరకు పావుగంట పని తగ్గుతుంది.

4. ఉల్లికారం: రాయలసీమలో రాగిసంగటికి దీనికి మించిన జత లేదు. అరకిలో ఉల్లికి పది ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, చెంచా జీలకర్ర, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, చిన్న నిమ్మకాయంత చింతపండు, తగినంత ఉప్పు తీసుకోవాలి. దినుసులను దోరగా వేయించి పొడికొట్టి, ఉల్లితో కలిపి కచ్చాపచ్చాగా నూరాలి. నూనెలో పోపుపెట్టి, చెమ్మ ఆరి, నూనె పైకి తేలేవరకు చిన్నమంటపై వేయించాలి. ఫ్రిజ్‌లో వారం పది రోజులు నిలుస్తుంది. ఒక హెచ్చరిక: పచ్చి ఉల్లిగాని వెల్లుల్లిగాని నూనెలో ముంచి బయట నిల్వచేయరాదు. గాలి తగలని ఆ స్థితిలో ప్రాణాపాయకరమైన విషాన్ని పుట్టించే సూక్ష్మజీవులు పెరిగే అవకాశం ఉన్నది. ఊరగాయలో పులుపు, ఉప్పు చాలినంత ఉంటాయి, ఇందులో ఉండవు.

మొలకెత్తిన ఉల్లి – పచ్చని కాడలు

మొలకెత్తిన ఉల్లి విషమని కొందరు పారవేస్తారు. ఆలుగడ్డ విషయంలో పచ్చబడిన భాగం హానికరమన్నది నిజమే. ఉల్లికి ఆ దోషం లేదు. మొలక తన ఎదుగుదలకు గడ్డలోని సారాన్ని తీసుకొంటుంది గనుక గడ్డ వదులై, రుచి తగ్గుతుంది, అంతే.

నేను అటువంటి గడ్డలను రెండు వెడల్పాటి కుండీలలో, మెడ వరకు మట్టి కప్పి నాటాను. రెండు మూడు వారాలలో జానెడు కాడలు వచ్చాయి. మొదలుకు రెండంగుళాలు వదలి కత్తిరిస్తే మరల రెండుసార్లు కాడలిచ్చాయి. నీరు నిలువకుండా చూసుకొంటే చాలును. గడ్డలో లభించని కెరోటిన్ ఈ కాడలలో లభిస్తుంది.

ఉల్లికాడల పప్పు: కందిపప్పు సగం ఉడికిన తరువాత రెండు గుప్పిళ్ల తరిగిన కాడలు, పచ్చిమిరప, పసుపు వేసి, దించేముందు చింతపండు రసం పోసి పోపు పెట్టాలి.

ఉల్లికాడల శనగపిండి కూర: కాడలను నూనెలో రెండు నిమిషాలు మగ్గనిచ్చి, వేయించిన శనగపిండి రెండు మూడు చెంచాలు చల్లి, కారం, ఉప్పు వేసి పొడిపొడిగా కలపాలి. జొన్నరొట్టెకు చాలా బాగుంటుంది. పిల్లలు కూడా ఇష్టంగా తింటారు.

కంటినీటి సంగతి

ఉల్లిని కోసినప్పుడు దాని కణాలు చిట్లి, గంధకం గల పదార్థాలు ఎంజైములతో కలిసి ఒక వాయువుగా మారతాయి. అది కంటికి తగిలినప్పుడు నీరు కారుతుంది. ఈ వాయువును పుట్టించడానికి ప్రత్యేకమైన మరొక ఎంజైము ఉన్నదని 2002లో జపాన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఎక్కువ మొత్తంలో కోసేటప్పుడు గడ్డలను అరగంట చల్లని నీటిలో ఉంచి, పదునైన కత్తితో, ఫ్యాను గాలి ప్రక్కనుండి వీచేటట్లు కూర్చొని కోయండి. వేరు వైపు భాగాన్ని చివర కోయండి. నేను పది కిలోలు ఈ విధంగానే కోశాను.

గృహ చికిత్సలు – ఎంతవరకు?

ఉల్లి సమృద్ధిగా ఉన్నప్పుడు దానితో అన్ని రోగాలనూ నయం చేయాలనే ఉత్సాహం కలుగుతుంది. కొంత వివేచన అవసరం.

దగ్గు, గొంతు గరగర: చెంచా ఉల్లిరసంలో చెంచా తేనె కలిపి రోజుకు రెండుసార్లు తీసుకొనడం మన ఇళ్లలో చిరకాలంగా ఉన్నది. ఇందులో గొంతుకు ఉపశమనం ఇచ్చేది ప్రధానంగా తేనెయే. సంవత్సరం నిండని శిశువులకు తేనె ఏ రూపంలోనూ ఇవ్వరాదు. రెండు వారాలు దాటిన దగ్గుకు వైద్య పరీక్ష తప్పనిసరి.

పేనుకొరుకుడు: తలపై గుండ్రంగా వెంట్రుకలు ఊడే ఈ వ్యాధికి ఉల్లిరసం పూయడంపై బాగ్దాద్ వైద్యులు 2002లో ఒక పరిశీలన ప్రచురించారు. రోజుకు రెండుసార్లు పూసిన 23 మందిలో 20 మందికి ఆరు వారాలలో వెంట్రుకలు వచ్చాయి. అది చిన్న పరిశీలన. పైగా ఈ వ్యాధి కొందరిలో దానంతట అదే తగ్గుతుంది. సాధారణంగా జుట్టు రాలడానికి ఇదే ఫలితం వస్తుందని దీనినిబట్టి చెప్పలేము. పూసినచోట మంట, దద్దురు వస్తే మానివేయాలి.

సెగగడ్డ: ఉల్లిని నిప్పుపై మెత్తబరచి, పసుపు కలిపి, గోరువెచ్చగా కట్టే వాడుక ఉన్నది. చర్మం కాలకుండా చూసుకోవాలి. మధుమేహ రోగులకు, ముఖం మీద లేచిన గడ్డలకు ఇది చేయరాదు.

వడదెబ్బ: జేబులో ఉల్లిగడ్డ వేసుకొంటే వడదెబ్బ తగలదనే నమ్మకానికి ఆధారం లేదు. చద్దన్నంలో మజ్జిగ, ఉప్పు, ఉల్లి నంజుకొని బయలుదేరితే శరీరానికి నీరు, లవణం లభిస్తాయి. మేలు అందువల్ల కలుగుతుంది. స్పృహ తప్పిన మనిషికి ఉల్లిరసం పూస్తూ కాలయాపన చేయరాదు. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, గాలి విసురుతూ వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

చెవిపోటు: చెవిలో ఉల్లిరసం పోయవద్దు. కర్ణభేరికి రంధ్రం ఉన్నదో లేదో ఇంట్లో మనకు తెలియదు. ఉన్న పక్షంలో ఆ రసం లోపలికి దిగి హాని చేస్తుంది.

కోసిన ఉల్లి గదిలోని రోగక్రిములను పీల్చుకొంటుందనే ప్రచారం నమ్మదగినది కాదు. అదే విధంగా కోసిన ఉల్లి కొన్ని గంటలలో విషమవుతుందన్న భయమూ అనవసరం. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, రెండు మూడు రోజులలో వాడుకోవచ్చును.

ఎవరు జాగ్రత్త వహించాలి?

ఆమ్లపిత్తం, గుండెమంట గలవారు పచ్చి ఉల్లిని తగ్గించి, ఉడికినదానిని తీసుకోవాలి. శాస్త్రం "పిత్తాన్ని శమింపజేయదు" అని చెప్పినది గుర్తుంచుకోండి. కడుపుబ్బరం, గ్రహణి వంటి బాధలు గలవారికి ఉల్లిలోని ఫ్రక్టాన్లు ప్రేగులలో పులిసి వాయువును పెంచుతాయి. రక్తాన్ని పలుచబరచే మందులు వాడేవారు కూరలో తినవచ్చును గాని, వైద్యుని అడుగకుండా రోజూ గ్లాసుల కొద్దీ రసం త్రాగరాదు. మధుమేహానికి ఇస్తున్న మందులు మాని ఉల్లిపై ఆధారపడడం ఎంతమాత్రం తగదు.

మరొక ముఖ్య విషయం: ఉల్లి పచ్చిదైనా, వండినదైనా, పొడిచేసినదైనా కుక్కలకు, పిల్లులకు పెట్టరాదు. వాటి ఎర్రరక్త కణాలను అది నాశనం చేస్తుంది. మిగిలిన సాంబారన్నం పెంపుడు కుక్కకు పెట్టే అలవాటు గలవారు గమనించగలరు.

పొట్టును, వేళ్లను పారవేయక కుండీలలో ఎరువుగా వేయవచ్చును.

మొన్న చిన్నాన్నగారు వచ్చినప్పుడు భోజనంలో ఒరుగుల పులుసు, వడియాలు వడ్డించాను. పులుసు రెండుసార్లు వేయించుకొన్నారు. పంటకాలం గడచి నాలుగు నెలలైనది గనుక "ఈ రోజుల్లో ఎర్రగడ్డ ఎక్కడ కొన్నావమ్మా?" అని అడిగారు. "కొనలేదు చిన్నాన్నా, ఇవి మీరు పంపినవే" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. విస్తరిలో మిగిలిన వడియాన్ని కూడా తీసుకొని తిన్నారు.